ఓడలో లెక్క

"నువ్వు అలా గొణిగితే ఓడలో వాళ్లకి వినపడదు తాతయ్యా. మళ్లీ అను."

టైలరు తాతయ్య పెదాల మధ్య పట్టుకున్న గుండుసూదుల్ని తీసి మెత్తకు గుచ్చి, గొంతు సవరించుకున్నాడు.

"లెక్క సరిపోయింది."

"ఇంకా గట్టిగా."

"లెక్క సరిపోయింది!"

"ఆఁ, అదీ!" అని పిచ్చుక కాగితం మీద వేలు పెట్టి, ఆగిన చోటునుంచి మళ్లీ అందుకుంది. "పేజీ నాలుగు. చీమలన్నీ కూర్చున్నాయి. ఓడ కదిలింది..."

పిచ్చుకకు ఏడేళ్లు. అసలు పేరు బడిలో హాజరు పలికేటప్పుడు తప్ప ఎక్కడా వినపడదు. ఆదివారం లైబ్రరీలో పిల్లల కథల రోజు. కొత్తగా వచ్చిన లైబ్రరీ మేడం తలపెట్టిన సంబరం అది. ఎవరి కథ వాళ్లే రాసుకోవాలి, ఎవరి కథ వాళ్లే అందరి ముందూ చదవాలి. గెలవడాలూ ఓడడాలూ లేవు. పెద్దవాళ్లు అక్షరం కూడా దిద్దకూడదన్నది ఒక్కటే షరతు. ఆవిడ దుకాణం దుకాణానికీ తిరిగి, ఒకవైపు ఖాళీగా ఉన్న కాగితాలు అడిగి తెచ్చి, మధ్యకు మడిచి, రెండేసి పిన్నులు కొట్టి, పిల్లలకు పుస్తకాలు చేసి పంచింది. టైలరు తాతయ్య దగ్గర పాత కొలతల కాగితాలు పట్టుకుపోయింది. అందుకే పిచ్చుక కథలో పేజీ తిప్పితే చాలు, ఎవరిదో ఛాతీ కొలతో, ఎవరిదో మెడ చుట్టుకొలతో ఎదురయ్యేది.

కథ పేరు చీమల ఓడ. వాననీటి కాలువలో ఎండుటాకు ఓడెక్కి చీమలన్నీ అవతలి గట్టున ఉన్న పంచదార కోసం బయల్దేరతాయి. నడిమధ్యలో గంట మోగుతుంది. ఒక చీమ "లెక్క!" అని అరుస్తుంది. అన్నీ లేచి నిలబడతాయి. కాసేపు ఎవరూ మాట్లాడరు. ఇంకో చీమ "లెక్క సరిపోయింది" అంటుంది. అప్పుడే ఓడ కదులుతుంది. ఆ రెండో అరుపు కథ చదివేవాళ్లు అనకూడదట, వేరే మనిషి అనాలట. ఆ వేరే మనిషి తాతయ్య.

ఏ కథలోనైనా మధ్యలో గంట కొట్టి అందరినీ లెక్కపెడతారనీ, పేజీ అంకె పైకి పలకకపోతే కథ చదివినట్టే కాదనీ ఆ పిల్ల నమ్మకం. వాళ్ల నాన్న అలాగే చదువుతాడు మరి.

వాళ్ల నాన్న జైల్లో ఉన్నాడు.

తాగి లారీ నడిపాడు. రోడ్డు పక్కన ఆగి బండి చక్రం మార్చుకుంటున్న తండ్రీకొడుకుల మీదికి ఎక్కించాడు. ఇద్దరూ అక్కడికక్కడే పోయారు. పిచ్చుక అప్పటికింకా పాలసీసా మానలేదు. పిల్ల తల్లి ప్రసవమైన కొద్ది రోజులకే జ్వరంతో పోయింది. తీర్పు వచ్చిన ఏడాదే తాతయ్య భార్యా కన్నుమూసింది. మిగిలిన ఇద్దరూ కుట్టుమిషను వేసుకుని జైలున్న ఊరికి వచ్చి పడ్డారు. నెలనెలా కొడుకు ముఖం చూడటానికి బస్సులు మారక్కర్లేదన్నది ఒక కారణం. ఇక్కడ తమనెవరూ ఎరగరన్నది అంతకంటే పెద్ద కారణం.

ఆ ఊరు జైలు మీదే బతికేది. సగం ఇళ్లలో వార్డర్లు. మిగతా సగంలో వార్డర్లకు పాలు పోసేవాళ్లు, బట్టలు ఉతికేవాళ్లు, కుట్టేవాళ్లు. తాతయ్య మిషను కింద నలిగే గుడ్డలో ముప్పాతిక యూనిఫాం గుడ్డే.

జైల్లో చదువు చెప్పే పంతులుగారొకాయన ఒక మంచి పని పెట్టుకున్నాడు. పిల్లలున్న ఖైదీలచేత బొమ్మల కథలు చదివించి, రికార్డు చేసి, పుస్తకంతోపాటు ఆ రికార్డూ ఇంటికి పంపేవాడు. పిల్ల పక్కన పేజీ తిప్పేవాళ్లుంటారో ఉండరో, అంకె పైకి చెప్పు బాబూ అన్నాడు. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి లారీల వెంట తిరిగినవాడు, ఇప్పుడు కూడబలుక్కుంటూ, చెమటలు కక్కుతూ, పేజీ ఒకటి, పేజీ రెండు అని కూతురికి కథ చదివాడు. మూడో పేజీ చివర ఖైదీలను లెక్కపెట్టే గంట మోగింది. ఎవరో "లెక్క!" అని కేక పెట్టారు. కుర్చీ జరిగిన చప్పుడు. చాలాసేపు నిశ్శబ్దం. ఒక దగ్గు. ఆ తర్వాత ఖంగుమంటూ ఇంకో గొంతు: "లెక్క సరిపోయింది!" మళ్లీ కుర్చీ చప్పుడు. పేజీ నాలుగు. మనిషికి ఒక్కసారే అవకాశం, మళ్లీ మొదలుపెట్టే వీల్లేదు.

నాన్న ఎందుకాగాడని పిచ్చుక అడిగిన రోజు తాతయ్య సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. నాన్న ఓడలో పనిచేస్తున్నాడని అప్పటికే చెప్పి ఉన్నాడు.

"ఓడ కదా తల్లీ. ఎవరైనా నీళ్లలో పడిపోయారేమోనని మధ్యమధ్యలో లెక్కపెట్టుకుంటారు. అందరూ ఉంటేనే కదులుతుంది."

పిల్ల తృప్తిగా తలూపింది. అబద్ధం అంత చక్కగా అతికినందుకు ఆయన లోలోపల సంతోషించాడు కూడా. అతుకు కనపడకుండా కుట్టడం ఆయన బతుకుతెరువు.

ఆ అతుకే ఇప్పుడు మైకు ముందు విచ్చుకోబోతోంది. జైలు వాళ్లందరూ కూర్చున్న గదిలో ఆ పిల్ల "లెక్క!" అని కేక పెడితే, తెలియనివాడెవడు? వాళ్లకు తెలిసిందల్లా సాయంత్రానికల్లా బడి దాకా పోతుంది, అక్కణ్నుంచి పిచ్చుక చెవిలో పడుతుంది.

"ఆ లెక్క ముక్క తీసేద్దామా తల్లీ? కథ గబగబా సాగుతుంది."

"తీసేస్తే ఎవరు పడిపోయారో ఎలా తెలుస్తుంది?"

"చీమలు తేలతాయిలే."

"నువ్వు చూశావా?"

"పోనీ, పేజీ అంకెలైనా..."

పిచ్చుక ఆయన్ని జాలిగా చూసింది. "నీకు చదవడం రాదు కదూ తాతయ్యా? ఫర్వాలేదులే, ఎవరికీ చెప్పను."

ఆయన బీయే ప్యాసైన మనిషి. మర్నాడు లైబ్రరీకి వెళ్లి బల్ల ముందు నిలబడ్డాడు.

"మేడంగారూ, మా పిల్ల కథ కాస్త పొడుగైంది. మధ్యలో ఒక్క ముక్క కత్తిరిస్తే..."

"చొక్కా పొడుగైతే కత్తిరించండి మాస్టారూ," అందావిడ నవ్వుతూ. "కథ జోలికి మాత్రం రాకండి. దిద్దనని నాకు మాటిచ్చారు."

శనివారం వార్డరు కంచు వచ్చాడు. గొంతు వల్ల వచ్చిన పేరు అది. ఇంట్లో భార్య కూడా అలాగే పిలుస్తుందని చెప్పుకుంటారు. జైల్లో లెక్క సరిపోయిందని పలికేది ఆయనే, ఖైదీలను ఇంటివాళ్లకు చూపించే నెలకోసారి ములాఖత్‌లో ఇనుప జాలీ పక్కన నిలబడేదీ ఆయనే. తాతయ్య ఎవరికి తండ్రో ఆయనకు తెలుసు. తెలుసని తాతయ్యకూ తెలుసు. దుకాణంలో మాత్రం ఇద్దరూ కాలర్ల గురించే మాట్లాడుకునేవారు. తెలిసిన మాటను నోటిదాకా రానివ్వని మనిషి ఈ లోకంలో ఒకడున్నాడని తాతయ్య చాలాసార్లు అనుకునేవాడు.

"మెడ దగ్గర పట్టేస్తోంది మాస్టారూ."

"మీ గొంతుకి ఆ మాత్రం జాగా కావాలి సార్. వదులు చేస్తాను."

"రేపు మావాడూ చదువుతున్నాడు. దయ్యం కథట. మనుషులెవరూ లేరు, అంతా దయ్యమే మాట్లాడుతుందిట. డ్యూటీ మార్చుకుని మరీ వస్తున్నా."

తాతయ్య చేతిలో టేపు ఆగిపోయింది. "మీరూ వస్తున్నారా?"

"ఏం, రాకూడదా?"

"అయ్యో, అదేం మాట!"

కొంచెం జ్వరంగా ఉందని చెప్పి పిల్లను ఇంట్లోనే ఉంచేద్దామా అనుకున్నాడు. వారం రోజులుగా ఆ పిల్ల అన్నం తింటూ కూడా కథ చదువుకుంటోంది. చేతులు రాలేదు. చివరికి ఒక దారి కనపడింది. ముందు వరసలోనే కూర్చుని, పిల్ల "లెక్క" అనగానే తను సన్నగా, నవ్వొచ్చేలా, ముసలి చీమలా "లెక్క సరిపోయింది" అనేస్తే సరి. తాతామనవరాళ్ల ఆట అనుకుని జనం నవ్వేస్తారు. నవ్వులో కలిసిపోతుంది.

ఆదివారం లైబ్రరీ పొడుగు గది నిండిపోయింది. రంగు కాగితాల గొలుసులు ఫ్యాను గాలికి ఊగుతున్నాయి. మైకు అందని పిల్లల కోసం ముక్కాలిపీట వేశారు. కంచు కొడుకు దయ్యం కథ చదివాడు. సగం కథ "హూఁ" అనడమే. చప్పట్లు మారుమోగాయి. ఒక పిల్లాడు తన కథ మర్చిపోయి, పక్కవాడి కథ చెప్పేసి దిగిపోయాడు. లైబ్రరీ మేడం నవ్వలేక కళ్లు తుడుచుకుంది.

పిచ్చుక పీటెక్కింది.

"చీమల ఓడ. పేజీ ఒకటి."

జనం నవ్వారు. పేజీ రెండు అన్నప్పుడు ఇంకా నవ్వారు. చీమల్ని చూసి నవ్వుతున్నారనుకుని పిచ్చుకా నవ్వింది. తాతయ్య తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. ఫర్వాలేదు, నవ్వుతున్నారు, మంచిదే.

"పేజీ మూడు. చీమలు సగం దూరం వెళ్లాయి. అప్పుడు గంట మోగింది. ఠంగ్, ఠంగ్, ఠంగ్. 'లెక్క!' అందరూ లేచి నిలబడ్డారు."

నవ్వు దారం తెగినట్టు ఆగిపోయింది. రెండో వరసలో ఒకావిడ నోటి దగ్గరి బిస్కెట్టు దించేసింది. క్వార్టర్స్‌లో ఉండేవాళ్లు రోజూ గోడ మీదుగా వినే కేక అది. విరుపు కూడా అదే. ఈ పిల్లకెలా వచ్చింది? తలలు ఒకదాని వైపు ఒకటి వంగాయి.

పిచ్చుక ఆగి, తాతయ్య వైపు చూసింది.

ఆయన నోరు తెరిచాడు. వీపు మీద గదిలోని కళ్లన్నీ ఆనినట్టనిపించింది. ముసలి చీమ గొంతు ఎక్కడికి పోయిందో, పైకి రాలేదు. పిల్ల గడ్డంతో సైగ చేసింది. ఆయన కదలలేదు.

"తాతయ్యా, నువ్వు," అన్న గుసగుసను మైకు గదంతా వినిపించింది.

పిల్ల కింది పెదవి వణకసాగింది. మర్చిపోయి కాదు, భయపడి. ఆ మాట ఎవరూ అనకపోతే ఎవరో నీళ్లలో పడిపోయినట్టు.

వెనక వరసలోంచి, మెల్లిగానే, వినపడింది.

"లెక్క సరిపోయింది."

కంచు జాలిపడి అన్నాడు, అంతే. పీట మీద బిక్కచచ్చి నిలబడ్డ పిల్లను చూడలేక అన్నాడు. మెల్లిగా అన్నా ఆ గొంతు ఆ గొంతే.

"పేజీ నాలుగు," అంది పిచ్చుక పెద్ద ఊపిరి తీసుకుని. "చీమలన్నీ..."

ఆగిపోయింది. తల పక్కకు వంచి, విన్నదాన్ని మళ్లీ విన్నట్టు నిలబడింది. తర్వాత పుస్తకం పట్టుకుని పీట దిగి, కుర్చీల మధ్యగా వెనక్కి నడిచి, కంచు ముందు ఆగి పైకి చూసింది.

"అంకుల్, మీరు మా నాన్న ఓడలో ఉంటారా?"

కంచు తాతయ్య వైపు చూశాడు. గదంతా తాతయ్య వైపు చూసింది.

"మా నాన్న ఓడలో ఎందుకుంటాడు?" అన్నాడు పక్కనున్న దయ్యం కథ పిల్లాడు, నాన్నను చూసుకుని గర్వంగా. "జైల్లో పని."

తాతయ్య ఎలా లేచాడో ఎలా నడిచాడో ఆయనకే తెలియదు. ఇంకో అబద్ధం అప్పటికే నాలుక చివరికి వచ్చి కూర్చుంది: అంకుల్ ముందు ఓడలో ఉండేవాడమ్మా, ఇప్పుడు మారాడు. బాగానే అతుకుతుంది. పిల్ల మొహం చూశాడు. నోరు తెరిచి తను అనాల్సిన ఒక్క మాట అనకపోబట్టే ఈ గొంతు లేవాల్సి వచ్చింది. మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఓడ లేదు తల్లీ. నేనే అల్లి చెప్పాను. నాన్న జైల్లో ఉన్నాడు."

"పనికా? ఈ అంకుల్ లాగా?"

"కాదు. తప్పు చేస్తే ఉంచుతారు. అలా ఉన్నాడు."

"బడికెళ్లే దారిలో గోడ వెనకా?"

"అవును."

"రోజూ దాని పక్కనుంచే కదా వెళ్తాం."

ఆయన తలూపాడు.

"మరి నాన్న నన్నెందుకు పిలవలేదు?"

ఎవరో ఒకామె లేచి, తన పిల్ల రెక్క పట్టుకుని బయటికి నడిచింది. ఆ వెనకే ఇంకొకరు. లైబ్రరీ మేడం వాళ్లను ఆపబోయి, గుమ్మంలోనే నిలబడిపోయింది. కంచు పిల్ల ఎత్తుకు వంగాడు.

"నీ కథ మీ నాన్నకి పట్టుకెళ్లనా తల్లీ? ఆ పిన్నులు రెండూ తీసేస్తే చాలు. ఇనుము లోపలికి పోనివ్వరు."

పిచ్చుక పుస్తకాన్ని గుండెకు అదుముకుంది.

"వద్దు. ఇందులో ఓడుంది."

ఆ తర్వాతి రోజులు బాగా లేవు. నలుగురైదుగురు మనిషిని పంపించి, కుట్టని గుడ్డ కుట్టకుండానే వెనక్కి తెప్పించుకున్నారు. లారీ సంగతి కూడా ఎక్కడినుంచో తవ్వి తీశారు. బడిలో పిచ్చుక పక్కన కూర్చునే పిల్ల బెంచీ మారింది. చదవమంటే లేచి నిలబడుతుంది గానీ నోరు విప్పడం లేదని టీచరు కబురు పెట్టింది. ఇంట్లో నాన్న కథలు వినిపించే పెట్టె కిటికీలో దుమ్ము కొట్టుకుపోతోంది. చీమల ఓడ మిషను సొరుగులో ఉంది. పిల్ల తాతయ్యతో మాట్లాడుతూనే ఉంది. అన్నం పెట్టు, జడ వెయ్యి, ఆకలిగా లేదు. దారిలో మాత్రం చెయ్యి అందివ్వడం లేదు. గోడ వచ్చినప్పుడు అవతలి పక్కకు దాటి నడుస్తోంది.

కంచు చొక్కా కోసం వచ్చాడు. రాడేమోననుకున్నాడు తాతయ్య. వేసుకుని, మెడ తిప్పి చూసుకుని, బాగుందన్నాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

"పిల్లకు తెలిసిపోయిందని మీవాడికి చెప్పాను మాస్టారూ. ఇంకొకళ్ల నోట వినడం కంటే నయమని. ఆ పూట కంచం ముట్టలేదు." ఇంకేదో అనబోయి, "మడతలు బాగా వచ్చాయి," అని వెళ్లిపోయాడు.

మరో వారానికి, జడ వేయించుకుంటూ పిచ్చుక అడిగింది.

"ఆ గంట ఎప్పుడు కొడతారు?"

"దీపాలు పెట్టే వేళకి ఒకసారి."

"నేను వింటాను."

ఆ సాయంత్రం ఇద్దరూ గోడ దగ్గరికి వెళ్లారు. దగ్గరగా చూస్తే గోడ అడుగున పాకుడు పట్టి ఉంది. పైన గాజు పెంకులు. ఒక గొట్టంలోంచి లోపలి నీళ్లు సన్నగా కారుతున్నాయి, సబ్బు వాసన వేస్తూ. పిచ్చుక ఆ నీళ్లను చాలాసేపు చూసింది. కాలువలో ఎండుటాకు ఒకటి తిరుగుతోంది.

గంట మోగింది. లోపలెక్కడో "లెక్క!" అన్నారు. పిచ్చుక కాళ్లు దగ్గరకు చేర్చి నిటారుగా నిలబడింది. తాతయ్యా నిలబడ్డాడు.

రికార్డులో కంటే ఈ నిశ్శబ్దం పొడుగ్గా ఉంది. ఒక సైకిలు వెళ్లింది. వెళ్లినతను తిరిగి చూసి మరీ వెళ్లాడు. ఇంకా ఏమీ వినపడలేదు. కొడుకు కంచం ముట్టలేదన్న మాట తాతయ్యకు గుర్తొచ్చింది. సరిగ్గా అప్పుడే ఆయన అరచేతిలోకి చిన్న చెయ్యి ఒకటి వచ్చి దూరి బిగుసుకుంది.

"లెక్క సరిపోయింది!"

పిల్ల ఊపిరి వదిలింది. చెయ్యి మాత్రం వెంటనే తీసేసుకుంది.

"నాన్న కూడా అందులో ఉన్నాడా?"

"ఉన్నాడు."

కొంత దూరం నడిచారు. కొట్ల ముందు లైట్లు వెలుగుతున్నాయి.

"కథలో ఓడుంటే తప్పులేదు కదా తాతయ్యా?"

"లేదు తల్లీ. కథలో ఏదైనా ఉండొచ్చు."

"నువ్వు చెప్పడమే తప్పు."

"అవును. నేను చెప్పడమే తప్పు."

"ఇంటికెళ్లాక పిన్నులు తీసిపెట్టు." నాలుగడుగులు వేసి, వెనక్కి తిరగకుండానే అడిగింది. "నాన్న ఏం తప్పు చేశాడు?"

రోడ్డు పక్కన వంగి చక్రం బిగించుకుంటున్న ఆ తండ్రీకొడుకులు ఏ లెక్కలోనూ లేరు. ఎన్ని గంటలు కొట్టినా ఆ ఇంట్లో లెక్క సరిపోదు. ఈ సంగతి ఏడేళ్ల పిల్లకు ఏ మాటల్లో చెప్పాలో బతికుంటే భార్యకు తెలిసేది. ఆయనకు తెలియదు.

"ఇంటికెళ్లాక చెప్తాను."

"నిజం?"

"నిజం."

ఇంటికొచ్చి దీపం వేశాడు. సొరుగులోంచి చీమల ఓడ తీసి, కాగితం చిరగకుండా కత్తెర మొనతో పిన్నులు మెల్లిగా లేపాడు. మడతలో చిన్న చిన్న కన్నాలు మిగిలాయి. అవి పోవు. పుస్తకం విడిపోకుండా వాటిలోంచే తెల్ల దారం దూర్చి ముడి వేశాడు. పిచ్చుక ఎదురుగా ముక్కాలిపీట మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పుస్తకం వైపు చూడటం లేదు.

పిన్నులు రెండూ బల్ల మీద పెట్టి, తాతయ్య చెప్పడం మొదలుపెట్టాడు.